ఎంతకాలం అని అడిగినవాడు

కోరుట్ల బస్టాండు వెనక సందులో దివాకర్ దుకాణం. డీటీపీ, జిరాక్స్, ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు అని బోర్డు మీద ఉంటుంది. అతనికి పేరు తెచ్చిన పని మాత్రం ఆ బోర్డు మీద లేదు. ఎవరినైనా ఖండించాలన్నా, నిలదీయాలన్నా, వెలివేయాలన్నా, అదీ కాగితం మీద, చదివినవాడు రెండు రోజులు అన్నం తినకుండా ఉండేట్టు కావాలన్నా, జగిత్యాల నుంచి కూడా జనం వెతుక్కుంటూ వస్తారు. "గట్టి మాటలు కావాల్నంటే దివాకర్ తానకు పో" అని ఒకరికొకరు చెప్పుకుంటారు.

ఒకసారి ఒక ఉద్యోగ సంఘం రెండుగా చీలింది. పొద్దున ఒక ముక్క వచ్చి రెండో ముక్కను అవకాశవాదులు అని టైపు కొట్టించుకుని పోయింది. మధ్యాహ్నం రెండో ముక్క వచ్చి మొదటి ముక్కను పిడివాదులు అంది. ఇద్దరూ కూర్చున్నది ఒకే స్టూలు మీద. ఇద్దరూ చివర్లో అడిగింది ఒకటే: "ఇంకొంచెం గట్టిగ పడాలె అన్నా. 'కరడుగట్టిన' అని ముంగట తగిలియ్యి." గుడి కమిటీలు వచ్చి నాస్తికుల మీద రాయించుకుంటాయి. మూఢనమ్మకాల మీద పోరాడేవాళ్లు వచ్చి ఛాందసుల మీద రాయించుకుంటారు. రెండు రకాల వాళ్లకూ తాము చెప్పేది తప్పయి ఉండొచ్చన్న అనుమానం కలలో కూడా రాదు. ఆ విషయంలో వాళ్లు అన్నదమ్ములు.

యాభై అయిదేళ్ల దివాకర్‌కు వీళ్లను చూస్తే మొదట్లో కోపం వచ్చేది, తర్వాత నవ్వు వచ్చేది. ఇప్పుడు వట్టి అలసట. మనదైతే నిబద్ధత, అవతలివాడిదైతే పిడివాదం. మనదైతే ఆచారం, వాడిదైతే చాదస్తం. మనది పట్టుదల, వాడిది మొండితనం. సరుకు ఒకటే, చీటీ మార్చి అంటించడమే. ఇంత తెలిసినవాడు ఆ చీటీలు ఎందుకు అచ్చువేస్తున్నాడంటే, వచ్చిన పని అది. దానికి అతను పెట్టుకున్న నియమం ఒకటే: ఎవరి మీద అని అడగడు. పేరు దగ్గర చుక్కలు పెట్టి ఇస్తాడు. ఊళ్లో పెన్నుతో రాసుకుంటారు.

పుట్టింది బీర్‌పూర్. తండ్రి కల్లుకు తాటిచెట్లు గీసేవాడు. కొడుకును చెట్టు దగ్గరికి రానివ్వలేదు. జగిత్యాలలో డిగ్రీ చదవమని పంపాడు. అక్కడ విద్యార్థి సంఘంలో చేరిన దివాకర్, డిగ్రీ సగంలో వదిలేసి సిరిసిల్లలో సంఘం వాళ్ల చిన్న ప్రెస్సుకు వెళ్లాడు. సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగని వీధి. నేసేవాళ్ల కూలీ గురించి, బోనస్ గురించి, లోకంలో విప్లవం ఎప్పుడొస్తుందన్న దాని గురించి కరపత్రాలు అక్కడే అచ్చయ్యేవి. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా, కుడి ఎడమలు మార్చి పేర్చడం అతని పని. ఏడేళ్లు ఆ పని చేశాడు. ఏ మాటకు ఎంత బరువుందో నిజంగా చేత్తో తూచినవాడు.

ఆ ఏడో ఏడు చెల్లెలు ప్రేమలత పెళ్లి. తండ్రి అప్పటికే పోయాడు. పీటల మీద కూర్చుని పెళ్లికొడుకు కాళ్లు కడగాల్సింది అన్నే. దివాకర్ కడిగాడు. వారం తిరక్కుండా సంఘం నుంచి ప్రెస్సుకు ఒక రాతప్రతి వచ్చింది: 'భూస్వామ్య ఆచారాలకు సాగిలపడిన దివాకర్ బహిష్కరణ.' ఆ రోజు ప్రెస్సులో అక్షరాలు కూర్చడానికి ఇంకెవరూ లేరు. అతనే కూర్చాడు. రెండు చోట్ల వత్తులు తప్పుంటే సరిచేశాడు. ప్రూఫు చూసిన నాయకుడు "బాగొచ్చింది" అన్నాడు. దివాకర్ కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని కోరుట్ల బస్సెక్కాడు. ఇది అతను ఎవరికీ గొప్పగా చెప్పుకోడు. అడిగితే, "మనిషికి పనంటే గంత పిచ్చి ఉండద్దు" అంటాడు.

ప్రేమలతను ఇచ్చింది ఇబ్రహీంపట్నం మండలంలో ఒక ఊరికి. భర్త మహేందర్ మంచి గీతగాడు. రెండు వానాకాలాల కింద ఇంకొకరి తాటిచెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము కింద భాగం దక్కలేదు. ఆ ఊళ్లో కల్లుగీసే గౌండ్లవాళ్లకు చెట్లు వంతుల వారీగా ఉంటాయి. వరుసగా రెండేళ్లు గీయకపోతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది. మహేందర్ వంతు పన్నెండు ఈతచెట్లు. ఒక ఏడు అట్లాగే గడిచింది. రెండో ఏడు చలికాలం మొదలవుతుంటే ప్రేమలత కత్తి తీసింది. మహేందర్ మంచంలో పడుకునే తన అరచేతి మీద వేలుతో గీసి చూపించాడు: ఎంత లోతు, ఎంత వాలు, ఎక్కడ ఆపాలి. ఈతచెట్టు తాటిచెట్టంత ఎత్తుండదు. నలభై ఏడేళ్ల మనిషి, చీర కచ్చ పోసి, మోకు నడుముకు బిగించి ఎక్కింది. ఎక్కే ముందు కులదేవత ఎల్లమ్మకు దండం పెట్టుకుంది. ఆమె దేవుళ్ల మీద తిరగబడిన మనిషి కాదు.

ఫోనులో ఆమె ఈ సంగతి చెప్తే దివాకర్ "పైలం, జాగర్త" అన్నాడు. కులపోళ్లు ఏమంటున్నారు అని అడగలేదు.

నవంబరులో ఒక మంగళవారం ఇద్దరు మనుషులు దుకాణానికి వచ్చారు. ఒకరు గంగారాం. ఆ ఊళ్లో కులపెద్ద, మహేందర్‌కు సొంత పెదనాన్న. రెండోవాడు మనోహర్. పదేళ్లు గల్ఫ్‌లో చేసి వచ్చి ఇప్పుడు కుల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. చేతిలో ఫైలు, జేబులో రెండు పెన్నులు.

"బావా, ఒక తీర్మానం కొట్టాలె. గట్టిగుండాలె" అన్నాడు మనోహర్. "కట్టుబాటు తప్పిన మనిషి. పేరు కాడ చుక్కలు పెట్టు."

"కూసోన్రి. చాయ్ చెప్త."

"నాకద్దు" అన్నాడు గంగారాం. స్టూలు మీద కూర్చుని జిరాక్స్ మిషను వైపు చూస్తున్నాడు, అది ఏదో మాట్లాడబోతున్నట్టు.

మనోహర్ చెప్పుకుపోయాడు. "మా కులపోళ్లు ఎవలు ఆ ఇంటోళ్లతోని మాట్లాడద్దు. ఆళ్ల కాడ ఏం కొనద్దు. నీళ్లు నిప్పులు ఇయ్యద్దు. గంతే, రాయి."

"గంతేనా?" దివాకర్ చేతులు కీబోర్డు మీంచి తీశాడు. ముప్పై ఏళ్ల పనితనం నోరు తెరిచింది. "గట్ల రాస్తే గది తిట్టు అయితది మనోహర్, తీర్మానం కాదు. తీర్మానానికి కారణం ఉండాలె, శిక్ష ఉండాలె, కాలం ఉండాలె. కాలం లేకుంటే నిలవడది. చెప్పు, ఎంతకాలం?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సంగతి వాళ్లు అనుకోలేదు.

"ఎంతకాలమంటే…" గంగారాం మెల్లగా అన్నాడు. "ఎల్లమ్మ పండుగ అయ్యేదాంక అని…"

"పండుగ దాంక అంటే నవ్వుతరు పెద్దనాయినా! ఇస్కూల్ల పిల్లలను బెంచీ ఎక్కిచ్చినట్టుంటది. బావా, శాశ్వతంగా అని కొట్టు."

దివాకర్ 'శాశ్వతంగా' అని కొట్టాడు. ఇక చేయి ఆగలేదు. 'క్షమార్హం కాని' వచ్చింది. 'తరతరాల కులాచారాన్ని ధిక్కరించి' వచ్చింది. 'వారికి సహకరించిన వారిని సైతం వారితో సమానంగా పరిగణించి' అని కంత పూడ్చాడు. లేకపోతే చుట్టాలు దొంగచాటుగా పోతుంటారు, తీర్మానం నీరుగారుతుంది. మనోహర్ గట్టిగా చదువుకుని "మస్తు కొట్టినవ్ బావా! వకీలు గూడ గిట్ల రాయడు" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ గంగారాం గుమ్మంలో ఆగాడు. "ప్రేమలతతోని మాట్లాడుతున్నవా, దివాకర్?"

"మీ ఊర్లనే ఉన్నది గద మామా, నువ్వే చెప్పాలె ఎట్లున్నదో" అని దివాకర్ నవ్వాడు.

గంగారాం నవ్వలేదు.

తర్వాత దివాకర్ తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు, తెలియదని. నిజంగా తెలియదా? ఆ ఊరు, ఆ కులం, చాయ్ ముట్టని పెదమామ, గుమ్మంలో ఆ ప్రశ్న. ఒక్క మాట అడిగితే బయటపడేది. ఎవరు అని అడగలేదు. ఎంతకాలం అని అడిగాడు.

మూడో రోజు పొద్దున ప్రేమలత మొదటి బస్సుకు మెట్‌పల్లి మీదుగా కోరుట్లలో దిగింది. దుకాణంలోకి వచ్చి సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి కీబోర్డు మీద పెట్టింది. మూలలకు మైదా పిండి ఎండిపోయి ఉంది. ఎక్కడో గోడమీంచి పీకి తెచ్చింది. చుక్కల మీద నీలం పెన్నుతో 'మహేందర్ భార్య ప్రేమలత' అని రాసి ఉంది.

"గిది నీ రాతే గదా అన్నా?"

దివాకర్ కాగితాన్ని కీబోర్డు మీంచి పక్కకు జరిపాడు.

"'క్షమార్హం' అనేటి మాట మా ఊర్ల ఎవనికొస్తది? మనోహర్‌కు వాని పేరే సక్కగ రాదు. పేరు లేకున్న నీ రాత గుర్తువడుతది. చిన్నప్పటి సంది సూస్తున్న గదా, నువ్వు నాయినకు ఉత్తరం రాసినా మంత్రికి రాసినట్టే ఉండేది."

"నువ్వని నాకు తెల్వదే."

"సరే, తెల్వదు. నేను గాకపోతే ఇంకొకతె. దానికి అన్న లేడా?" ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఏడుపు లేదు. రాత్రంతా నిద్ర లేనివాళ్ల గొంతు. "ఈయేడు ఎవల చెట్లకు కల్లు సక్కగ పారలేదు. అక్టోబరు దాంక వాన దంచింది, యాడికెళ్లి పారుతయి? వానను తిట్టరాదు గద. ఆడిది కత్తి పట్టె, ఎల్లమ్మకు కోపమొచ్చె అని వంక దొరికింది. ఎల్లమ్మ ఆడిది గాదా అన్నా? ఆమె కోపం మొగోళ్లకే ఎట్ల తెలుస్తదో."

దివాకర్ బతిమాలే గొంతు పెట్టాడు. "చెల్లె, నేను చెప్పేది ఇను. పండుగ నెల రోజులున్నది. కత్తి పక్కకు పెట్టు. గుడి కాడ తప్పయిందని ఒక్క మాట అను. గంగారాం మామతోని మాట్లాడి కాయిదం వాపసు తీపిస్త."

"నెల రోజులా?" ప్రేమలత అతన్ని వింతగా చూసింది. "నువ్వు గౌండ్లోని కొడుకువేనా? గీత ఆపితే గీసిన కాడ ఎండిపోతది. మల్ల పారాల్నంటే వచ్చే ఏడే. ఈ ఏడు పోతే వంతు పోయినట్టే. చెట్టుకు పండుగ తెలుస్తదా?"

అతనికి ఆ సంగతి తెలియదు. తండ్రి చెట్టు దగ్గరికి రానివ్వని కొడుకు కదా. చెట్టు మీద అభిప్రాయాలు మాత్రం బోలెడు రాశాడు.

"అయితే కత్తి ఉండనియ్యి, తప్పయిందనన్న అను. ఒట్టి మాటనే గద."

"నీకు ఒట్టి మాటనే. దినాం గవ్వే పేరుస్తవు." ఆమె లేచింది. "కూలికి పోయినట్టు పోయిన చెట్టుకు. తప్పేం జేసిన? నేను అనను అన్నా. మొండిది అనుకో."

దివాకర్ దుకాణం షట్టరు దించి ఆమెతో బస్సెక్కాడు.

గంగారాం ఇంటి ముందు అరుగు మీద ఉన్నాడు. వాళ్లను చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. మనోహర్‌కు ఎవరో ఫోను చేసినట్టున్నారు, పది నిమిషాల్లో బండి మీద దిగాడు. ప్రేమలత వాకిట్లో దూరంగా నిలబడింది, వెలివేసినవాళ్లు ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలో. ఆ దూరం మాత్రం తాను రాయలేదు కదా అనుకున్నాడు దివాకర్, అదొక ఊరట అయినట్టు.

"మామా, నాతోని తప్పయింది. ఎవలనేది అడగకుండ కొట్టిన. 'శాశ్వతంగా' తీసేద్దం. పండుగ దాంక అని మల్ల కొట్టి తెస్త."

గంగారాం మీసం నిమురుకున్నాడు. "నేను గదే అనుకున్న దివాకర్. పండుగ దాంక నాలుగు మాటలంటరు, పండుగైతే కల్లు తాగుతరు, మర్శిపోతరు. మా నాయిన కాలం సంది గట్లనే నడిశింది. ఎంతమందిని ఎలేసినం, ఎంతమందిని కలుపుకున్నం! ఎప్పుడన్న కాయిదం రాసినమా? నువ్వే అడిగితివి, ఎంతకాలం అని."

"అడిగిన. అది నా పని పిచ్చి."

"మంచిగనే అడిగిండు" అన్నాడు మనోహర్. "ఒక పద్ధతి ఉండాలె. బావా, అచ్చయిన మాట ఎట్ల మారుస్తం? ఇయ్యాల గీమె కోసం మారిస్తే రేపు ఇంకొకలు కత్తి పడుతరు. మాట మీద నిలవడ్డోళ్లం మేము."

"నువ్వు నిలవడ్డవు, ఆమె చెట్టు ఎండుతది."

"గుడి కాడ తప్పయిందనమను. అప్పుడు సూద్దం."

అందరూ ప్రేమలత వైపు చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. అంతే.

దివాకర్‌కు ఒక్కసారిగా విసుగొచ్చింది, ఇద్దరి మీదా. ఒకడు కాగితం వదలడు, ఒకతె మాట వదలదు. ఈ బిగుసుకుపోవడాన్ని ఏమంటారో అతనికి ఇరవై మాటలు తెలుసు, ఎవరికి ఏది అంటించాలో కూడా తెలుసు. ఈసారి ఏదీ అంటించలేదు. అయినా ఒక తేడా కళ్ల ముందే ఉంది: ఆమె మొండితనంతో మనోహర్ ఇంట్లో పొయ్యి ఆరదు. మనోహర్ మొండితనంతో ఆమె ఇంట్లో ఆరుతుంది. ఏ కరపత్రంలోనూ పట్టని చిన్న లెక్క అది.

"సరే" అన్నాడు. "నేను రాసిన దాంట్లనే ఉన్నది, సహకరించినోళ్లు సమానమని. నన్ను గూడ రాసుకోన్రి."

"ఏందీ?"

"పేరు రాసుకో మనోహర్. రెండు పెన్నులున్నయి గద."

మనోహర్ నవ్వాడు. "నువ్వు మా ఊరోనివి గాదు బావా. నిన్ను ఎలేస్తే ఎంత, ఎయ్యకుంటె ఎంత?"

 అది నిజం. అతని త్యాగం ఆ ఊళ్లో ఎవరికీ అక్కర్లేదు. గంగారాం ఒక్కడు తల వంచుకుని నేలను చూస్తున్నాడు. ఆయనకు సిగ్గుగా ఉంది, అయినా లేవలేదు. ఇంత ఊరిలో మంచివాళ్లు లేక కాదు ఇవి జరిగేది. మంచివాళ్లు అరుగు మీద కూర్చునే ఉంటారు.

ఇంటికొచ్చాక మహేందర్ మంచం మీంచి అడిగాడు. "ఏమన్నరు బావా?"

"ఏమనలేదు."

"నేను ముందే చెప్పిన దానికి, మీ అన్న మాటలమనిషి, పోయి ఏం జేస్తడని. ఇన్నదా?"

ప్రేమలత అప్పటికే మోకు భుజాన వేసుకుంది. పొద్దు వాలుతోంది. సాయంత్రం గీత పడకపోతే రేపటికి కుండలో ఏమీ ఉండదు. కుల సంఘం వాళ్లు కొనకపోతే ఏం, ఊళ్లో మిగతావాళ్లు తాగరా అంటే, తాగుతారు. ఇన్నాళ్లూ లొట్లు, అంటే కల్లుకుండలు, మోసి కల్లు అమ్మే మండువ దాకా చేర్చేది ఇద్దరు కులం కూలివాళ్లు. నిన్నటి నుంచి వాళ్లు రావడం లేదు. ఆమె ఒక్కతే ఎక్కి, ఒక్కతే దింపి, ఒక్కతే మోసి, కూర్చుని అమ్మలేదు. నిన్న ఏడు లొట్లు చెట్ల కిందే పులిసిపోయాయి.

"కోరుట్ల బస్సు ఎప్పుడు?" అని అడిగాడు దివాకర్.

"ఆరున్నరకు. పోతవా?"

అతను చెప్పులు వేసుకుని ఆమె వెనక నడిచాడు. పొలాల మధ్య ఒరంగట్టు సన్నగా ఉంది. రెండుసార్లు జారాడు. ఈతచెట్ల దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూసి, మొదటి చెట్టెక్కి దింపిన లొట్టిని అతని చేతుల్లో పెట్టింది. నిండు కుండ. నురగ వేళ్ల మీదికి పొంగింది. అతను దాన్ని రెండు చేతులతో కడుపుకు ఆనించి పట్టుకున్నాడు, పుస్తకాల కట్టను పట్టుకున్నట్టు.

"మెడ కాడ పట్టరాదు, మెడ కాడ! గట్ల పడితే మండువ దాంక సగమే ఉంటది" అని ఆమె రెండో చెట్టు సగంలోంచి అరిచింది. "రేపు పొద్దుగాల ఐదింటికి లేవాలె. దుకాణం పదింటికి తెరుసుకో. అంగీ పాతది ఏసుకో, మరకలు పోవు."

"సీజను ఎన్నాళ్లు?"

"నీకు యాడ సూసినా గదే అడుగుడు." పైన కత్తి గీసిన చప్పుడు, ఒకసారి, ఆగి ఇంకోసారి. "చెట్టు పారినన్నాళ్లు. నడువు."

అతను మెడ దగ్గర పట్టుకుని నడిచాడు. మండువ దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకడు అతన్ని చూసి పక్కకు తప్పుకున్నాడు. మిగతా ఇద్దరు గ్లాసులు చాపారు.